అమ్మకు వినబడేలా

అత్తగారి చెవి మిషను తీసుకెళ్ళింది మరిదే, తెచ్చిచ్చిందీ మరిదే. "ఒకసారి శుభ్రం చేయించి ఇస్తానమ్మా, మన చెవి మిషన్ల సెంటరే కదా" అని పట్టుకెళ్ళి, పది రోజులకు మెరిసే డబ్బాలో పెట్టి తెచ్చాడు. లోపల ప్రోగ్రాము కూడా కొత్తది వేయించానని, ఇక ఆవిడకు ఏ బెంగా అక్కర్లేదని, వదిన కూడా ఆదివారాలు హాయిగా పడుకోవచ్చని నవ్వుతూ చెప్పాడు. కోడలు కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆదివారాల సంగతి ఏమిటంటే, పొద్దున్నే భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టి, సన్నటి వైరుతో మిషనును దానికి తగిలించి, ఆ వారం అత్తగారికి ఏ శబ్దాలు అందలేదో అడిగి, వాటిని ఒక్క పిసరు పైకి లేపడం పన్నెండేళ్ళుగా కోడలి పని. వయసు మీద పడుతున్నకొద్దీ చెవి మారిపోతూ ఉంటుంది. దానితోపాటు మిషను కూడా మారకపోతే చెవిలో గులకరాయి పెట్టుకున్నట్టే. మరిది డబ్బా ఇచ్చి వెళ్ళిన ఆదివారం ఆమె వైరు తగిలించేసరికి, ఈ పరికరంతో మాట్లాడటానికి మీకు అనుమతి లేదు అని తెర మీద వచ్చింది. వైరు మార్చి చూసింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. పన్నెండేళ్ళుగా తన మాట విన్న మిషను ముఖం తిప్పుకుని కూర్చుంది.

ఫోను చేస్తే మరిది ఏమాత్రం తడుముకోలేదు.

"అది భద్రత కోసం వదినా. ఇప్పుడు మా ప్రోగ్రాము తప్ప ఇంకోటి దాన్ని ముట్టుకోలేదు. అమ్మని నెలకోసారి సెంటరుకి తీసుకురండి, మావాళ్ళు చూసుకుంటారు."

"నేనే చూసుకుంటున్నాను కదా ఇన్నాళ్ళూ."

"నువ్వెంతకాలమని చూస్తావ్? నీకూ విశ్రాంతి కావాలిగా" అన్నాడు, ఏదో మేలు చేసినవాడిలా.

సెంటరుకు రెండు బస్సులు మారి వెళ్ళాలి. రెండు నెలలు వెళ్ళారు. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకావిడ అత్తగారి వయసెంతో అడిగి, ఆ వయసుకు కంపెనీ పట్టికలో ఏ అంకెలు ఉన్నాయో అవే మిషనులో వేసి, పేరుకో పరీక్ష పెట్టి, ఏడు నిమిషాల్లో పంపించేసింది. ఆవిడ తప్పు కూడా కాదు, ఆ ప్రోగ్రాములో చేయి పెట్టి ఒక్క శబ్దాన్ని విడిగా సవరించే వీలు ఆవిడకు ఇవ్వలేదు.

"శబ్దం వస్తోందమ్మాయ్, మాటే రావట్లేదు" అంది అత్తగారు బస్సులో. "గింజ వాళ్ళు ఉంచుకుని పొట్టు నా చేతిలో పోస్తున్నట్టుంది."

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి. అవతలివాడు హలో అనకముందే వాడు నిలబడి ఉన్నాడో కూర్చుని ఉన్నాడో చెప్పేదని తోటివాళ్ళు ఆటపట్టించేవారట. అలాంటి మనిషి భోజనాల దగ్గర అందరి ముఖాలూ చూస్తూ, వాళ్ళు నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు అదీ మానేసి, పళ్ళెం కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయేది. ఆ ఆలస్యపు నవ్వు కోడలి గుండెల్లో ముల్లులా దిగింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి, లేకపోతే మరిది చేసింది చిన్న తప్పులా కనబడుతుంది.

చాలా ఏళ్ళ కిందట చెవి మిషన్లు చేసే కంపెనీలన్నీ ఒకచోట కూర్చుని, ఎవరి మిషనైనా ఎవరి కంప్యూటరుతోనైనా మాట్లాడేలా ఒక ఉమ్మడి భాష రాసుకున్నాయి. నూట నలభై పేజీల పుస్తకం, ఎవరైనా తెచ్చుకుని చదువుకోవచ్చు. కోడలు నీటి సరఫరా ఆఫీసులో మీటర్ల లెక్కలకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. అత్తగారి చెవి తగ్గడం మొదలయ్యాక ఆ పుస్తకం తెచ్చుకుని, ఆఫీసు నుంచి వచ్చాక రోజూ కూర్చుని, మిషనును సవరించే ప్రోగ్రాము ఒకటి సొంతంగా రాసుకుంది. కానీ సవరించింది సరిపోయిందో లేదో తెలిసేదెలా? దానికి అత్తగారు పూనుకుంది. ఫోను తీగల్లో ఏ అక్షరాలు ముందు అరిగిపోతాయో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏ శబ్దం జారిపోతోందో పట్టిచ్చే వాక్యాలు రెండు వందల నలభై, గీతల నోటుబుక్కులో ఒక్కొక్కటే గట్టిగా చదువుకుంటూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ, ఏడాదిన్నర పట్టి పూర్తి చేసింది.

ఆ వాక్యాలు చేరాకే ప్రోగ్రాముకు ప్రాణం వచ్చింది. ఇద్దరి పేర్లూ మొదటి పేజీలో రాసి, కోడలు దాన్ని అందరికీ వదిలేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. లైసెన్సులో షరతు ఒక్కటే. మార్చి పదిమందికీ ఇచ్చేవాడు ఆ మార్పులు కూడా అందరికీ చూపించాలి, రాసినవాళ్ళ పేర్లు చెరపకూడదు. ఈ షరతు తప్పినవాడికి ఆ రోజే హక్కు పోతుంది. మళ్ళీ కావాలంటే రాసినవాళ్ళందరూ, ఒక్కరు కూడా తగ్గకుండా, సంతకం పెట్టి తిరిగి ఇవ్వాలి. ఊరూపేరూ తెలియని క్లినిక్కుల వాళ్ళు ఎందరో దాన్ని వాడారు. కొందరు మెరుగులు దిద్ది తిరిగి పంపారు, వాటిలో నచ్చినవాటిని ఆమె తనే మళ్ళీ రాసుకుని కలుపుకుంది. అందుకే రాసినవాళ్ళంటే చివరిదాకా ఆ ఇద్దరే.

మరిది అప్పట్లో ఏదో కంపెనీ తరఫున చెవి మిషన్లు అమ్మేవాడు. అదే బల్ల దగ్గర అన్నం తింటూ, "ఇదేంటి వదినా, అదేంటి వదినా" అని అడిగి అడిగి అంతా తెలుసుకున్నాడు. ఆమె కూడా ఏదీ దాచుకోకుండా చెప్పింది. సొంత సెంటర్లు పెడుతున్నానంటే సంతోషించింది. మూడేళ్ళలో సెంటర్లు పద్నాలుగయ్యాయి.

తన ప్రోగ్రామే అతని మిషన్ల వెనక ఉందని ఆమెకు మూడోసారి సెంటరుకు వెళ్ళినప్పుడు తెలిసింది. అంతకుముందు రెండుసార్లూ బయట కూర్చోబెట్టారు. ఆ రోజు కుర్చీలు ఖాళీ లేక లోపలికి రానిచ్చారు. పరీక్ష గదిలో స్పీకరులోంచి ఎవరిదో శుభ్రమైన గొంతు వాక్యాలు చదువుతోంది. "సంచిలో సబ్బులు సరిగ్గా ఆరున్నాయి." కోడలు తల ఎత్తింది. "చిన్నోడు చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చెయ్యకుండా చొరబడ్డాడు."

చిన్నోడంటే మరిదే. సినిమాకు వెళ్ళి దొంగచాటుగా ఇంట్లోకి వచ్చిన కొడుకు మీద తల్లి నవ్వుకుంటూ రాసిన వాక్యమది. సెంటరులో మిగతావన్నీ మార్చారు, రంగులు మార్చారు, పేరు మార్చారు. ఆ వాక్యాలను మాత్రం ముట్టుకోలేకపోయారు, ఒక్క మాట కదిపినా కొలతలన్నీ తప్పుతాయి. ఎవరి గురించి రాశారో వాడే వాటిని ఎత్తుకెళ్ళాడు. ఆ వాక్యం రాసిన తల్లి మాత్రం పరీక్ష కుర్చీలో కూర్చుని, తన మాటలు తనకే అందక, "ఏమో అమ్మా, సరిగా తెలియలేదు" అంటోంది.

కోడలు అత్తగారిని లేవదీసుకుని బస్సు ఎక్కింది. ఇంటికి వచ్చి, సెంటరువాళ్ళు అత్తగారి ఫోనులో వేసిన ప్రోగ్రామును విప్పి చూసింది. మనుషుల ముఖానికి రంగు పూసినా ఎముకలు మారవు కదా, లోపల అన్నీ తన ఎముకలే. తను పెట్టిన పేర్లు, తను రాసిన హెచ్చరికలు, అన్నీ వరసగా ఉన్నాయి. దాని మీద మరిది కంపెనీ ఒక కొత్త పొర కట్టింది. మిషను ఉమ్మడి భాషలోనే మాట కలుపుతుంది, మూడో మాట దగ్గర మాత్రం కంపెనీ సొంత సంకేతం ఒకటి అడుగుతుంది. అది తెలియని ప్రోగ్రామును గుమ్మంలోనే ఆపేస్తుంది. అందరి దారి మీద తన ఒక్కడి గేటు. మొదటి పేజీలో రెండు పేర్లు ఉండాల్సిన చోట కంపెనీ పేరు ఉంది.

ఆమె కోపం చల్లగా గడ్డకట్టుకుపోయింది. ఇతన్ని మట్టిలో కలపాలి అనుకుంది. ఆ మాటే అనుకుంది, ఇంకో మెత్తని మాట వెతుక్కోలేదు.

ముందు మాత్రం మర్యాదగానే అడిగింది. పొర తాలూకు సోర్సు కోడు అందరికీ ఇవ్వు, పేర్లు పెట్టు అని రాసింది. జవాబు కంపెనీ లాయరు దగ్గర్నుంచి వచ్చింది, అంతా తామే మొదట్నుంచీ రాసుకున్నామని. సాయంత్రం మరిది ఫోను చేశాడు.

"ఉచితంగా ఇచ్చినదాని మీద ఇంత యాగీ ఏంటి వదినా?"

"ఉచితంగానే ఇచ్చాను. షరతు మీద ఇచ్చాను."

"ఆ షరతులు ఎవడు చదువుతాడు?"

"నువ్వు చదివావు. నా పక్కన కూర్చుని, గడ్డపెరుగు అన్నం కలుపుకుంటూ చదివావు."

ఆమె మొగుడు, అంటే మరిదికి అన్నగారు, పేపరు మడిచి పక్కన పెట్టాడు. "తమ్ముడే కదా, సర్దుకుపోదాం" అన్నాడు. ఇంట్లో ఎవరికి అన్యాయం జరిగినా సర్దుకుపొమ్మని చెప్పడానికి ఒకరుంటారు, ఈ ఇంట్లో ఆ ఉద్యోగం ఆయనది.

"మీ అమ్మకి వినబడట్లేదు" అంది కోడలు.

"వయసు..." అని మొదలుపెట్టాడు.

"వయసు కాదు, మీ తమ్ముడు."

ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఆయన్ని సలహా అడగడం మానేసింది. ఆఫీసులో తెలిసినవాళ్ళ ద్వారా ఒక లాయరమ్మను పట్టుకుంది. ఆవిడ కాగితాలన్నీ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "మీ మరిదిగారికి ఈ ప్రోగ్రాము మీద హక్కు ఎప్పుడో పోయింది. పైగా ఆయన కంపెనీని ఓ పెద్ద కంపెనీ కొనబోతోంది, తెలుసా?" అంది. కోడలికి తెలియదు. తెలిశాక నోటీసు రెండు చోట్లకు వెళ్ళింది, ఒకటి మరిదికి, ఒకటి కొనేవాళ్ళకు.

కొనేవాళ్ళు వెంటనే బేరం ఆపేశారు. రాసినవాళ్ళిద్దరి దగ్గరా హక్కు తిరిగి రాయించుకుని రండి, అప్పుడు మాట్లాడదాం అన్నారు. మరిది లెక్క మరిది వేసుకున్నాడు. వదిన కొరకరాని కొయ్య. అమ్మ అమ్మే. ముందు అమ్మ సంతకం చేతిలో పడితే, అమ్మే పెట్టింది నీదేం పోయింది అని అన్నయ్య చేత వదినను వంచవచ్చు.

సెలవు రోజు పదకొండు గంటలకు వచ్చాడు. వెంట కొనేవాళ్ళ తరఫు ఆడిటరు, తెల్ల చొక్కా మనిషి. పెద్దావిడ ఇష్టపూర్వకంగానే సంతకం పెట్టిందని ఆయన సాక్ష్యం చెప్పాలట. "ఇంటి విషయం, రెండు నిమిషాలు" అని ఆయన్ని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, మరిది లోపలికి వచ్చాడు. వరండాకూ గదికీ మధ్య ఒక కిటికీ, ఎండకాలం కాబట్టి రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. వేస్తే గాలి ఆడదు. కోడలు వంటగది గుమ్మంలో నిలబడింది. లాయరమ్మ ముందే చెప్పింది, వాళ్ళిద్దరి మధ్యా మీరు నోరు విప్పొద్దు, ఒత్తిడి పెట్టారంటారు అని. కాబట్టి విప్పలేదు. ఇంత కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు.

మరిది తల్లి పక్కన మంచం మీద కూర్చుని, ఆవిడ చెవి దగ్గరకు వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాడు.

"అమ్మా, చిన్న సంతకం కావాలి."

"ఆఁ?"

"సంతకం, అమ్మా."

"గట్టిగా చెప్పు నాయనా. నువ్విచ్చిన మిషనే, సరిగా అందట్లేదు."

అతను కిటికీ వైపు ఒకసారి చూసి, కాగితం ఆవిడ చేతిలో పెట్టి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది, మనసులో కాదు, పైకి. చెవి సరిగా అందనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆవిడ గొంతు వీధి దాకా వెళ్ళింది.

"గతంలో జరిగిన వినియోగమును ఇందుమూలముగా సమ్మతించడమైనది. ఏం వినియోగంరా ఇది?"

"ఏం లేదమ్మా, మామూలు మాట" అన్నాడు లోగొంతుకతో.

"ఆఁ?"

"మామూలు మాటే!"

"మామూలు మాటైతే చెప్పడానికేం? ఏం వినియోగించారు, ఎవరు వినియోగించారు?"

అతను జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం వెనక రాసి చూపిద్దామనుకున్నాడు కాబోలు. పెన్ను మూత తీసి, ఆగి, మళ్ళీ పెట్టేశాడు. తన చేతిరాతతో ఒక్క ముక్క కూడా ఎక్కడా రాయొద్దని అతని లాయరు చెప్పి ఉంటాడు. కోడలికి నవ్వొచ్చింది, పళ్ళ బిగువున ఆపుకుంది.

"వదినా, నువ్వు కాస్త చెప్పవా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"చెప్పరా" అంది అత్తగారు. "ముప్పై ఏళ్ళు నోటిమాట మీద బతికాను నేను. నోటితో చెప్పు, పెడతాను."

"మేం వాడామమ్మా!" అన్నాడు, గొంతు పెంచి.

"ఏం వాడారు?"

"ప్రోగ్రాము!"

"ఎవరి ప్రోగ్రాము?"

పైఅంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ చెయ్యి ఆగిపోయింది. మరిది నుదుటి మీద చెమట పట్టింది. అతను మళ్ళీ ఆవిడ చెవిలోకి వంగాడు, ఆవిడ మళ్ళీ "ఆఁ?" అంది. కోడలు అప్పుడు ఒకటి గమనించింది. ఎదురుగా, వెలుతురులో కూర్చుని మాట్లాడితే అత్తగారు పెదాలు చూసి సగం మాట పట్టేస్తుంది, ఇన్ని నెలలూ ఇల్లు అలాగే నెట్టుకొచ్చింది. ఇవాళ మాత్రం ఆవిడ ఒక్కసారైనా కొడుకు పెదాల వైపు చూడలేదు. చూపంతా కాగితం మీదే ఉంది.

"వదిన ప్రోగ్రామమ్మా!" అని అరిచాడు.

"వాక్యాలో?"

"అవీ!"

"అవీ అంటే? ఎవరివి?"

"నీవి! నీ వాక్యాలమ్మా, రెండొందల నలభై, అన్నీ వాడాం!"

"అడిగారా?"

"లేదు!"

"పేర్లేం చేశారు?"

"తీసేశాం!"

"మరి సొంతంగా రాసుకున్నామని మీ లాయరు ఎందుకు రాశాడు?"

"అబద్ధం రాశాడు!" అని గొంతు చించుకుని అరిచేసి, ఆ తర్వాత తనేమన్నాడో తనకే వినబడి, మరిది బిక్కచచ్చిపోయాడు.

అత్తగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని జేబులోనే పెట్టింది. "ఇప్పుడు వినబడింది" అంది.

వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆడిటరు గుమ్మంలోకి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, "నేను బయల్దేరతానండీ, మళ్ళీ మాట్లాడదాం" అన్నాడు. మరిది ఆయన వెనకాలే పరుగెత్తాడు. మెట్ల మీద అతని చెప్పు ఒకటి జారింది, దాన్ని వేసుకోవడానికి కూడా ఆగలేదు. కోడలు ఆ చెప్పును చాలాసేపు చూసి, కడుపుబ్బ నవ్వింది. చాలా రోజుల తర్వాత అత్తాకోడళ్ళిద్దరూ ఒకే క్షణంలో నవ్వారు.

మర్నాడు లాయరమ్మ ఫోను చేసింది. అవతలివాళ్ళు దిగొచ్చారు, ఏం కావాలంటే అది చేస్తామంటున్నారు అంది. "ఇంకో దారి కూడా ఉంది. మీరు అసలు సంతకం పెట్టకపోవచ్చు. ఎప్పటికీ. అప్పుడు ఆ కంపెనీ మూతపడుతుంది. చట్టం మీ వైపే ఉంది."

మూడు రోజులు కోడలు ఆ మాటను నోట్లో పటికబెల్లం ముక్కలా చప్పరించింది. ఆఫీసులో మీటర్ల లెక్కలు చూస్తూ పద్నాలుగు సెంటర్లకూ వరసగా తాళాలు వేసింది, బోర్డులు దింపింది, మరిదిని మళ్ళీ పాత సంచీతో మిషన్లు అమ్ముకోవడానికి వీధి వీధీ తిప్పింది. ఆ మూడు రోజులూ ఆమె ఎంత సుఖంగా ఉందో చెప్పాలంటే ఆమెకే సిగ్గు.

నాలుగో రోజు అత్తగారే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెట్టనంటున్నావట."

"పెట్టను" అంది కోడలు, పెదాలు స్పష్టంగా కదుపుతూ.

"కంపెనీ మూతపడితే ఈ మిషను తాళం ఎవరి దగ్గరుంటుంది?"

 ఆ సంకేతం ఫోనులో దొరకదు, కంపెనీ సోర్సు కోడులోనే ఉంది. కంపెనీతోపాటే అదీ పోతుంది. తాళం వేసిన మిషన్లు ఆరువేల పైచిలుకు, వాటిలో ఏదీ ఇక ఎన్నటికీ తెరుచుకోదు.

"వాడి పొగరు దించడానికి నా చెవే దొరికిందా నీకు?" అంది అత్తగారు. కోపంగా అనలేదు, అలసటగా అంది. "వాడు చేసిందీ అదే కదే అమ్మాయ్. వాడి బాగు కోసం నా చెవి వాడుకున్నాడు. నీ కసి కోసం నువ్వు వాడుకుంటానంటున్నావు."

కోడలి ముఖం జేవురించింది. ఏదో అందామని నోరు తెరిచి, బల్ల మీద చేతులు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు, లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

"అయితే క్షమించేద్దామంటారా?" అని అడిగింది కోడలు, కళ్ళు తుడుచుకున్నాక.

"సంతకం పెడదామంటున్నాను. ముందు తాళం చేతికి రానీ. క్షమించే సంగతి నేనెప్పుడన్నాను?"

షరతులు లాయరమ్మ రాసింది. సోర్సు కోడు మొత్తం, ఆ పొరతో సహా, అదే లైసెన్సు కింద అందరి ముందూ పెట్టాలి. ఇద్దరి పేర్లూ మొదటి పేజీలోకి రావాలి. లాయరు రాసిన ఉత్తరం అబద్ధమని కంపెనీ తన పేరు మీదే ప్రకటించాలి. ఇవన్నీ జరిగాకే సంతకాలు. తొమ్మిది రోజుల్లో జరిగాయి. ప్రకటన వచ్చిన రోజు కోడలు దాన్ని అచ్చు తీసి, సర్దుకుపొమ్మన్న మొగుడి పేపరులో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన చదివి, "అమ్మకి చూపించావా?" అని మాత్రం అడిగాడు.

కోడు వచ్చిన వారానికే ఎక్కడెక్కడి క్లినిక్కుల వాళ్ళో ఆ తాళం తీసే మార్పును తమ ప్రోగ్రాముల్లో కలుపుకున్నారు. కోడలు మాత్రం ఆదివారం దాకా ఆగింది. ఆదివారం పొద్దున్న బల్ల తుడిచి, వైరు తగిలించింది. మిషను పలికింది. ఇన్ని నెలల్లో చెవి ఎంత జారిపోయిందో చూసి ఆమెకు మళ్ళీ కోపం పొంగింది. అయినా ఒక్కో శబ్దాన్నీ వెతికి పట్టుకుని, మెల్లగా పైకి లేపింది. మూడు గంటలు పట్టింది. మధ్యలో లేచి పక్కగదిలోకి వెళ్ళి, గోడ చాటు నుంచి రకరకాలుగా పరీక్షించి వచ్చింది.

మధ్యాహ్నం మరిది వచ్చాడు. ఈసారి వెంట ఎవరూ లేరు. మనిషి చిక్కాడు, గడ్డం పెరిగింది. కోడలు తన కాగితం మీద సంతకం పెట్టింది. పెన్ను కాగితాన్ని చించేంత గట్టిగా పెట్టింది. అత్తగారు కూడా పెట్టింది, అచ్చు ఎక్స్ఛేంజీ రిజిస్టరులో పెట్టినట్టు, పొడి అక్షరాలు, కింద తేదీ. పెట్టి, పెన్ను మూత బిగించి, కిటికీ దగ్గర ఆరిన బట్టల కుప్ప ముందు కూర్చుని మడతలు పెట్టడం మొదలెట్టింది.

మరిది కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. వెళ్ళలేదు. సంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అమ్మా" అన్నాడు, మామూలు గొంతుతో.

తువ్వాలు మడుస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత అంచులు సరిచేసుకుని మడత పూర్తి చేశాయి. ఆవిడ తల తిప్పలేదు.

"అమ్మా, తప్పయిపోయిందే."

అత్తగారు ఇంకో తువ్వాలు తీసుకుంది. మరిది కాసేపు ఆవిడ వీపు వైపు చూసి, వదిన వైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి గానీ, మాటలో మాత్రం పాత సెంటరు మనిషే ఉన్నాడు.

"ఇంకా సరిగా కుదరలేదనుకుంటా వదినా. ఇంకోసారి చూడు."

"బాగానే కుదిరింది" అంది కోడలు. "పొద్దున్న పక్కగదిలోంచి గుసగుసగా పిలిస్తే కూడా పలికారు."